క్లోన్‌టార్ఫ్ కాలపు నవలకు కెల్టిక్ మగపేర్లు: ఏవి అసలైనవి, ఏ అర్థాన్ని నమ్మాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. 1014 ఏప్రిల్ 23న డబ్లిన్ సమీపంలో జరిగిన క్లోన్‌టార్ఫ్ యుద్ధాన్ని నేపథ్యంగా తీసుకుని తెలుగులో ఒక చారిత్రక నవల రాస్తున్నాను. ఆ యుద్ధంలో పోరాడిన ఐరిష్ రాజు బ్రియన్ బోరు వంటి చరిత్రపురుషుల పేర్లతో ఇబ్బంది లేదు. కల్పిత పాత్రల దగ్గరికి వచ్చేసరికి చిక్కు వచ్చింది. ఐర్లండ్‌కు చెందిన ఒక వైద్యుడు, ఇద్దరు అన్నదమ్ములు, వేల్స్ నుంచి వచ్చిన ఒక కవి, స్కాట్లండ్ సేనతో వచ్చిన ఒక యువకుడు ఇందులో ముఖ్య పాత్రలు. వీరి పేర్ల అర్థం కథలో ఎక్కడో ఒకచోట ప్రస్తావనకు రావాలన్నది నా కోరిక.

పిల్లల పేర్ల వెబ్‌సైట్లు చూస్తే స్పష్టత రాకపోగా ఉన్న అయోమయం రెట్టింపయింది. లియమ్, షాన్, కెవిన్, రయన్, డిలన్ అన్నీ ఒకే జాబితాలో కెల్టిక్ పేర్లుగా కనిపిస్తున్నాయి. ఓవెన్ అనే పేరుకు ఒకచోట "యూ వృక్షం నుంచి పుట్టినవాడు" అని, మరొకచోట "ఉన్నత వంశంలో పుట్టినవాడు" అని అర్థం ఇచ్చారు. వీటిలో 11వ శతాబ్దం నాటికి నిజంగా వాడుకలో ఉన్నవి ఏవో, వాటి అర్థాలలో నమ్మదగినవి ఏవో తెలిసినవారు వివరించగలరని మనవి.

మొదటి జవాబు

మీ నవలకు సంబంధించినంతవరకు 1169వ సంవత్సరాన్ని ఒక హద్దుగా పెట్టుకుంటే సగం చిక్కు విడిపోతుంది. నార్మన్ సైన్యాలు ఐర్లండ్‌లో అడుగుపెట్టినది ఆ ఏడాదే. నేడు మనం అచ్చమైన ఐరిష్ పేర్లుగా భావించే అనేక పేర్లు వారి వెంట వచ్చినవే. లియమ్ అనేది ఉలియమ్‌కు కురచ రూపం. అది విలియమ్ అనే జర్మానిక్ పేరు నుంచి వచ్చింది. సంకల్పం, శిరస్త్రాణం అనే రెండు మాటలు కలిసి ఆ పేరు ఏర్పడింది. వెబ్‌సైట్లు చెప్పే "దృఢమైన రక్షకుడు" అక్కడి నుంచి వచ్చినదే తప్ప ఐరిష్ భాషలో ఆ అర్థానికి ఆధారం లేదు. షాన్ కూడా నార్మన్ ఫ్రెంచివారు జాన్‌ను పలికిన రూపం నుంచి పుట్టింది, మూలం హీబ్రూ. కనుక బ్రియన్ బోరు సైన్యంలో లియమ్‌గానీ షాన్‌గానీ ఉండే అవకాశం లేదు.

మరొక మాట. కెల్టిక్ అనేది ఒక భాష పేరు కాదు, ఒక కుటుంబం పేరు. ఐరిష్, స్కాటిష్ గేలిక్, మాంక్స్ ఒక శాఖ. వెల్ష్, కార్నిష్, బ్రెటన్ మరొక శాఖ. వీటికి కెల్టిక్ అన్న ఉమ్మడి పేరు స్థిరపడడానికి ముఖ్య కారకుడు 1707లో ఈ భాషలను పోల్చి చూపిన ఎడ్వర్డ్ లూయిడ్ అనే వేల్స్ పండితుడు. మీ పాత్రలలో ఎవరూ తమను తాము కెల్ట్ అని చెప్పుకోరు. పేరు ఎంచుకునేటప్పుడు కెల్టిక్ అని కాక, ఇది ఐరిష్ పేరా వెల్ష్ పేరా అని చూసుకోవడమే సరైన పద్ధతి.

ఇక అర్థాల విషయానికి వస్తే, పాత ఐరిష్ పేర్లలో అధిక భాగం కొన్ని మూలపదాల చుట్టూ తిరుగుతాయి. సంస్కృతంతో పరిచయం ఉన్నవారికి వాటిలో కొన్ని దూరపు బంధువుల్లా కనిపిస్తాయి, ఎందుకంటే ఈ రెండూ ఒకే ప్రాచీన భాషాకుటుంబానికి చెందినవి. కూ అంటే వేటకుక్క, సంస్కృత శ్వన్ శబ్దానికి సజాతీయం. ఆ సమాజంలో వీరుణ్ణి వేటకుక్కతో పోల్చడం గొప్ప ప్రశంస. ఐరిష్ పురాణగాథలలో సెటాంటా అనే బాలుడు కులన్ అనే కమ్మరి కాపలా కుక్కను చంపి, దాని స్థానంలో మరో కుక్కపిల్ల ఎదిగేదాకా తానే కాపలా ఉంటానని మాట ఇచ్చాడు కనుకనే అతనికి కూ హులిన్, అంటే కులన్ వేటకుక్క, అనే పేరు స్థిరపడింది. వేటకుక్కలను ప్రేమించేవాడని చెప్పే కొనహోవర్ (నేటి కానర్), సముద్రపు వేటకుక్క అనే అర్థం గల కూ మారా ఇదే కోవకు చెందినవి. మెక్‌నమారా అనే ఇంటిపేరు ఈ కూ మారా నుంచే వచ్చింది.

అయిద్ అంటే అగ్ని, సంస్కృతంలో ఏధస్సు దానికి దగ్గరి మాట. దానికి చిన్న అనే భావాన్నిచ్చే "ఆన్" ప్రత్యయం చేరితే అయిదాన్, అంటే చిన్న అగ్ని. 635లో అయోనా ద్వీపం నుంచి వెళ్ళి ఇంగ్లండ్ ఈశాన్య తీరంలోని లిండిస్‌ఫార్న్ మఠాన్ని స్థాపించిన సన్యాసి పేరు ఇదే, నేటి ఏడన్ కూడా ఇదే. ఫెర్ అంటే మనిషి, మన వీర శబ్దానికి చుట్టం. దానికి బలం అనే మాట చేరితే ఫెర్గుస్. ఆర్ట్ అంటే ఎలుగుబంటి, సంస్కృతంలో ఋక్షం. రీ అంటే రాజు. రుయద్రీ, నేటి రూరీ, ఎర్రని రాజు అనే అర్థంలో ఉంది. రంగులతో ఏర్పడిన పేర్లకు లెక్కలేదు. కియరాన్ నల్లని చిన్నవాడు, ఫిన్ తెల్లనివాడు లేదా కాంతిమంతుడు, దొన్నఖద్ గోధుమవర్ణపు జుట్టు గల యోధుడు.

జంతువుల పేర్లను నామోషీగా భావించే అలవాటు అక్కడ లేదనడానికి బ్రియన్ ఇల్లే ఉదాహరణ. 976లో హత్యకు గురైన ఆయన అన్న పేరు మథ్‌గవన్, అంటే ఎలుగుబంటి. నేటి మెక్‌మాన్ అనే ఇంటిపేరు ఆ పేరుకు సంబంధించినదే. తండ్రి పేరు కెన్నేతిగ్, నేటి కెనెడీ. ఆ పేరును విడదీస్తే తల, వికారమైన అనే మాటలు వస్తాయి. శిరస్త్రాణం ధరించినవాడని మర్యాదగా చెప్పేవారూ ఉన్నారు. ఒకప్పటి అమెరికా అధ్యక్షుడు జాన్ కెనెడీ ఇంటిపేరుకు ఈ రెండో అర్థమే ఎక్కువ ప్రచారంలో ఉండడంలో ఆశ్చర్యం లేదు.

మీ వైద్యుడికి ఫింగిన్ అనే పేరు సూచిస్తాను. ఐర్లండ్ ఉత్తర ప్రాంతమైన అల్‌స్టర్ పురాణగాథలలో కొనహోవర్ రాజుగారి ఆస్థాన వైద్యుడు ఫింగిన్. ఇంటి నుంచి లేచే పొగను చూసి లోపల ఎందరు రోగులున్నారో, వారికి ఏ జబ్బులున్నాయో చెప్పగలవాడని ప్రతీతి. సుందరమైన పుట్టుక గలవాడని ఆ పేరుకు అర్థం చెబుతారు. విచిత్రమేమిటంటే ఆంగ్లేయులు తరువాతి కాలంలో ఈ మగపేరును ఫ్లారెన్స్ అని మార్చి రాశారు. అన్నదమ్ములకు అయిదాన్, కియరాన్ సరిపోతాయి. ఒకరు నిప్పు, ఒకరు నలుపు కనుక వారి స్వభావాలను మలచడానికి మీకు చోటు దొరుకుతుంది.

రెండవ జవాబు

పై వివరణకు వేల్స్, స్కాట్లండ్ సంగతి చేర్చదలచుకున్నాను.

డిలన్‌ను పక్కన పెట్టండి. మాబినోగి అనే మధ్యయుగపు వెల్ష్ కథలలో అరియన్‌రోద్ కుమారుడికి ఆ పేరు పెట్టి బాప్తిస్మం ఇవ్వగానే అతడు నేరుగా సముద్రంలోకి వెళ్ళిపోయి చేపలా ఈదాడని, అతని కింద ఏ అలా విరగలేదని, అందుకే అతనికి అల కొడుకు అన్న బిరుదు వచ్చిందని చెప్పారు. పేరు అందమైనదే కాని అది మధ్యయుగంలో సామాన్యులు పెట్టుకున్న పేరు కాదు. 1914లో పుట్టిన కవి డిలన్ థామస్ ప్రసిద్ధుడైన తరువాతనే లోకమంతటా వ్యాపించింది. వేల్స్‌లో దాన్ని డలన్‌కు దగ్గరగా పలుకుతారు.

మీ కవికి హవెల్ అనే పేరు బాగా నప్పుతుందని నా అభిప్రాయం. ప్రస్ఫుటంగా కనిపించేవాడు, ప్రముఖుడు అని దాని అర్థం. 950లో మరణించిన హవెల్ రాజు పేరిట వెలువడిన వెల్ష్ ధర్మశాస్త్రంలో రాజసభలో కవి ఎక్కడ కూర్చోవాలి, ఏ వరుసలో పాడాలి అన్న విషయాలు కూడా ఉంటాయి. ఆ రాజు పోయిన కొన్నేళ్ళకు పుట్టిన బాలుడికి ఆయన పేరు పెట్టారంటే పాఠకుడు ఇట్టే నమ్ముతాడు. కొంచెం బరువైన పేరు కావాలంటే రోద్రి ఉంది. అందులో రోద్ అంటే చక్రం, మన రథ శబ్దానికి సజాతీయం. రి అంటే రాజు. 844 నుంచి 878 వరకు వేల్స్‌లోని గ్వినెద్ రాజ్యాన్ని పాలించిన రోద్రి మహారాజు పేరు అదే. ఇద్రిస్ కూడా పాత పేరే, ఉత్సాహవంతుడైన ప్రభువు అని అర్థం. అరబ్బీలోనూ ఇద్రిస్ అనే పేరు ఉంది కాని రెంటికీ సంబంధం లేదు. తెలుగు పాఠకుడికి మొదట గుర్తొచ్చేది ఆ అరబ్బీ పేరే కనుక మీరు దాన్ని వాడకపోవడమే మంచిది.

ఆ కవి తన తండ్రి పేరుతో కలిపి పరిచయం చేసుకుంటే ఇంకా సహజంగా ఉంటుంది. వెల్ష్‌లో కొడుకు అనే మాట మాబ్, అదే ఆప్‌గా, ఆబ్‌గా మారింది. తరువాతి కాలంలో ఆప్ హవెల్ పావెల్‌గా, ఆప్ రీస్ ప్రైస్‌గా, ఆబ్ ఓవైన్ బోవెన్‌గా ఇంటిపేర్లయిపోయాయి.

స్కాట్లండ్ యువకుడికి ఆధారం చరిత్రలోనే ఉంది. మార్ ప్రాంతపు అధిపతి దోవ్‌నల్ ఆ యుద్ధంలో బ్రియన్ పక్షాన పోరాడి మరణించాడని అల్‌స్టర్ వార్షికచరిత్ర చెబుతుంది. దోవ్‌నల్ అంటే లోకాన్ని ఏలేవాడు, నేటి డొనాల్డ్. అతనికి బంధువుగా వచ్చే యువకుడికి మాయిల్ కొలుమ్ అని పెట్టవచ్చు. మాయిల్ అంటే తల గొరిగించుకున్నవాడు, అంటే దాసుడు. కొలుమ్ అంటే 563లో అయోనాలో మఠం స్థాపించిన సంత్ కొలంబా. ఈ మాయిల్ కొలుమే నేటి మాల్కమ్. ఆ సమయంలో స్కాట్లండ్ రాజు పేరు కూడా అదే, 1005 నుంచి 1034 దాకా పాలించాడు. అప్పటి ఐరిష్ వారు గౌరవం వల్ల సాధువుల పేర్లను నేరుగా పెట్టుకోవడానికి జంకి, ఇలా దాసుడు అనే మాటను ముందు చేర్చేవారు. కాబట్టి మీ నవలలో పాట్రిక్ అనే రైతు ఉండకూడదు, మాయిల్ పాట్రిక్ ఉండవచ్చు.

కామెరన్, కాంప్‌బెల్ వంటివి మాత్రం వద్దు. అవి ఇంటిపేర్లుగా వచ్చినవి, అర్థాలు వంకర ముక్కు, వంకర నోరు.

ప్రశ్న అడిగినవారి స్పందన

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఫింగిన్, హవెల్, మాయిల్ కొలుమ్ పేర్లు అప్పుడే నా చిత్తుప్రతిలో చేరిపోయాయి. రెండు సందేహాలు మిగిలాయి. ఓవెన్ అర్థం గురించి నేను అడిగినదానికి ఇంకా సమాధానం రాలేదు. రెండవది, మీరు వాడిన తెలుగు వర్ణక్రమం ఆధునిక ఐరిష్ ఉచ్చారణతో సరిపోవడం లేదు. ఏడన్‌ను మీరు అయిదాన్ అన్నారు. నేను ఏది పాటించాలి? అలాగే ఒషీన్, ఓస్కర్ అనే తండ్రీకొడుకుల పేర్లు నాకు ఎంతో ఇష్టం. కాని ఓస్కర్ స్వీడన్ రాజుల పేరు కదా అని ఆగిపోయాను.

మూడవ జవాబు

ఓవెన్ అర్థంలో కనిపించే తేడాకు కారణం ప్రభుత్వ దస్తావేజులు. ఐరిష్‌లో ఆ పేరు ఎయోగన్. అందులో గన్ అన్న భాగం పుట్టుక, సంస్కృత జన ధాతువుకు సజాతీయమే. ముందున్న భాగం యూ అనే సతతహరిత వృక్షమని పండితులలో ఎక్కువ మంది మాట. ఐర్లండ్‌లో ఆంగ్ల పాలన బలపడిన కొద్దీ ఐరిష్ పేర్లను వినడానికి దగ్గరగా ఉన్న ఆంగ్ల, గ్రీకు, లాటిన్ పేర్లతో రాయడం ఆనవాయితీ అయింది. 1864 నుంచి జననాలన్నిటినీ నమోదు చేయడం తప్పనిసరి కావడంతో అది మరింత గట్టిపడింది. ఎయోగన్‌ను యూజీన్ అని రాశారు. యూజీన్ గ్రీకు పేరు, ఉన్నతమైన పుట్టుక గలవాడని అర్థం. పేరుతో పాటు ఆ అర్థం కూడా వచ్చి ఐరిష్ పేరుకు అంటుకుంది. ఇదే పద్ధతిలో కవి అనే అర్థం గల తాద్గ్ తిమొతీ అయ్యాడు, దీర్మిడ్ జెరెమయా అయ్యాడు, కొనహోవర్ కొర్నీలియస్ అయ్యాడు. ఇంట్లో ఒక పేరు, దస్తావేజులో మరొక పేరుగా కొన్ని తరాలు గడిచాయి. 1893లో ఐరిష్ భాషా పునరుద్ధరణ కోసం గేలిక్ లీగ్ అనే సంస్థ ఏర్పడిన తరువాత పాత రూపాలు మెల్లగా తిరిగివచ్చాయి.

కనుక వెబ్‌సైటులో ఐరిష్ పేరుకు అనుమానాస్పదమైన అర్థం కనిపిస్తే, ఆ పేరును ఒకప్పుడు ఆంగ్లంలో ఏ పేరుగా రాసేవారో చూడండి. తరచుగా ఆ అర్థం ఆ రెండో పేరుదై ఉంటుంది.

కొన్ని పేర్లకైతే ఖాయమైన అర్థమే లేదు. కొర్మక్, డెక్లన్, నియల్ అటువంటివి. నియల్‌కు మేఘమని, వీరుడని చెబుతారు, ఏదీ నిరూపితం కాలేదు. బ్రియన్ పేరులో ఉన్నతం, కొండ అనే భావం ఉండవచ్చునన్నది ఊహే. రయన్ అనేది ఇంటిపేరు నుంచి ఇటీవలి కాలంలో పిల్లల పేరుగా మారినది. చిన్నరాజు అన్న అర్థానికి రీ అనే మాటతో పోలిక తప్ప బలమైన ఆధారం తక్కువ. కెవిన్‌కు మాత్రం అర్థం స్పష్టం. అది కోయివ్‌గెన్, మృదువైన లేదా సుందరమైన జన్మ. గ్లెండలోక్ మఠాన్ని స్థాపించిన సాధువు పేరు అది. అందులోనూ అదే జన ధాతువు చూడవచ్చు.

ఇక వర్ణక్రమం. ఆధునిక ఐరిష్‌లో కొన్ని అక్షరాలు రాతలో ఉండి పలుకులో లోపిస్తాయి. బి, ఎం పక్కన హెచ్ ఉంటే వ ధ్వని, టి పక్కన హెచ్ ఉంటే హ ధ్వని, ఎస్ పక్కన ఇ, ఎ స్వరాలుంటే ష ధ్వని వస్తాయి. సి ఎప్పుడూ క మాత్రమే. అందుకే ఓయిసిన్ అని చదివించేది ఒషీన్ అవుతుంది, ఆపెన్‌హైమర్ చిత్రంలో నటించిన కిలియన్ మర్ఫీని సిలియన్ అనకూడదు. డి పక్కన హెచ్ మాత్రం నేడు చాలా చోట్ల మూగ. అయితే 1014లో అది మూగ కాదు. నాలుకను పళ్ళకు ఆనించి పలికే ద వంటి శబ్దం అప్పటికి నిలిచే ఉంది. తెలుగు ద ఆ శబ్దానికి ఆంగ్ల డి కంటే దగ్గరగా ఉంటుంది కనుక మీ నవలకు అయిదాన్ అని రాయడమే సబబు. తాద్గ్‌ను నేడు టైగ్ అంటారు. బ్రియన్ కొడుకులలో ఒకరి పేరు తాద్గ్, మీరు తాద్గ్ అనే రాయండి. ముఖ్యమైన నియమం ఏమిటంటే, పాత ఉచ్చారణను ఎంచుకుంటే అన్ని పేర్లకూ అదే పాటించాలి. ఒక పేజీలో అయిదాన్, మరో పేజీలో ఏడన్ ఉంటే పాఠకుడు ఇద్దరు మనుషులనుకుంటాడు.

వెల్ష్‌లో చిక్కు వేరు. ఎఫ్ ఒక్కటే ఉంటే వ, రెండుంటే ఫ. రెండు డీలు కలిస్తే ద. డబ్ల్యూ చాలా చోట్ల అచ్చు. రెండు ఎల్‌లతో మొదలయ్యే లవెలిన్ వంటి పేర్లలోని ధ్వనికి తెలుగులో అక్షరం లేదు. నాలుకను ల స్థానంలో ఉంచి గాలి మాత్రం వదలాలి. దాన్ని ల అని రాసి వదిలేయడం తప్ప మార్గం లేదు, అటువంటి పేరును ముఖ్య పాత్రకు పెట్టకపోవడం ఉత్తమం.

నాలుగవ జవాబు

మొదటి జవాబు రాసినవారితో ఒక విషయంలో విభేదిస్తున్నాను. 1014 నవలలో లియమ్ ఉండకూడదన్నది నిజమే. కాని అది ఐరిష్ పేరు కాదన్న ధ్వని సరికాదు. 8 శతాబ్దాలుగా ఐరిష్ నోళ్ళలో నలిగి, మాతృరూపంతో పోలిక తెగిపోయిన పేరు అది. అమెరికాలో 2017 నుంచి వరుసగా అనేక సంవత్సరాలు మగపిల్లల పేర్లలో మొదటి స్థానంలో నిలిచినది ఈ ఐరిష్ రూపమే. మూలధాతువు ఒక్కదాన్నే కొలమానంగా పెట్టుకుంటే కొలుమ్‌ను కూడా తీసివేయాలి, ఎందుకంటే అది లాటిన్‌లో పావురం; పాట్రిక్‌ను, వెల్ష్ ఎమ్రిస్‌ను కూడా వదులుకోవాలి. మీ నవలలోని డబ్లిన్‌లోనే నార్వే మూలాలు గల సిత్రిక్ రాజు ఉన్నాడు, అతని పరివారంలో ఓలావ్ ఐరిష్ నోట అమ్లయివ్ అయ్యాడు, ఐవర్ ఇవర్ అయ్యాడు. ఐరిష్ నియల్ అటువైపు వెళ్ళి ఐస్‌లండ్ గాథలలో న్యాల్ అయ్యాడు. ఒక్క కుటుంబంలో రెండు భాషల పేర్లు కలిసిన పాత్ర ఒకటి మీ కథలో ఉంటే ఆనాటి డబ్లిన్ ఉన్నది ఉన్నట్టుగా కనిపిస్తుంది.

ఓస్కర్ గురించి మీ సందేహం న్యాయమైనదే కాని ఆ పేరు స్వీడన్ నుంచి ఐర్లండ్‌కు వచ్చినది కాదు. ఐరిష్ పురాణవీరుడు ఫిన్ మాక్ కూల్ గాథలలో ఫిన్ కొడుకు ఒషీన్, అతని కొడుకు ఓస్కర్. ఒషీన్ అంటే చిన్న జింక. తల్లి సదవ్ శాపవశాన జింక రూపంలో ఉండగా అతణ్ణి పెంచిందని కథ. ఓస్కర్ జింకల స్నేహితుడని చెబుతారు. 1760లలో జేమ్స్ మాక్‌ఫెర్సన్ అనే స్కాట్లండ్ రచయిత ఈ గాథల ఆధారంగా అల్లిన ఆంగ్ల గద్యకావ్యాలు యూరప్‌నంతటినీ ఊపివేశాయి, నెపోలియన్ వాటికి పెద్ద అభిమాని. 1799లో ఫ్రెంచి సేనాని బెర్నదోత్‌కు పుట్టిన కొడుక్కి ఓస్కర్ అని పేరు పెట్టారు, నెపోలియనే ధర్మపిత. ఆ తరువాత బెర్నదోత్ స్వీడన్ రాజు కావడం, 1844లో ఆ కొడుకు మొదటి ఓస్కర్‌గా సింహాసనమెక్కడం వల్ల ఆ పేరు స్వీడన్‌ది అనిపిస్తుంది.

అయినా మీ అన్నదమ్ములకు ఆ పేర్లు పెట్టకండి. ఫిన్ గాథలు తెలిసిన పాఠకుడు ఒషీన్, ఓస్కర్ అనగానే తండ్రీకొడుకులనే ఊహిస్తాడు. యుద్ధానికి ముందు రాత్రి మీ హవెల్ కవి ఐరిష్ సైనికుల మధ్య కూర్చున్నప్పుడు, వారిలో ఒకరు ఒషీన్ కథ చెప్పే సన్నివేశం రాస్తే ఆ రెండు పేర్లూ నవలలోకి వస్తాయి, పేరుకు అర్థం చెప్పే అవకాశమూ దానంతటదే కలుగుతుంది.